ఆరితే సర్దుకుంటుంది

వంటింటి సింకులో కారు కడుగుతున్నాను. అరచేతిలో ఇమిడే కారు. ఇంకా చక్రాలు లేవు, అద్దాలు లేవు, రంగు లేదు. ఒట్టి ప్లాస్టిక్ డొల్ల. గిన్నెల సబ్బునీళ్ళలో ముంచి, పాత పళ్ళ బ్రష్షుతో మూలమూలలా తోమాలి. అచ్చులోంచి ఊడినప్పటి జిడ్డు ఏ కాస్త మిగిలినా రంగు పట్టదు.

"గిన్నెలు అలాగే పడున్నాయి, కార్లు మాత్రం తళతళలాడుతున్నాయి," అంది అత్తయ్య వెనక నుంచి. "జాగ్రత్తమ్మా. మా వాడు కష్టపడి చేసుకునేవి. గోళ్ళు గీరుకునేను."

"జాగ్రత్తగానే ఉన్నానత్తయ్యా."

ఆ కారు వాళ్ళబ్బాయి చేసింది కాదు. నేను చేసింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. దానికి అది అలవాటే.

మా ఆయనకి బొమ్మ కార్ల పిచ్చి. ముక్కలు పెట్టెలో వస్తాయి. అతికిస్తే కారవుతుంది. కాగితంలో చూపించినట్టు అతికిస్తే అది పిల్లల ఆట. అదే పైకప్పు కోసి కిందికి దించి, వెనక చక్రాలు పెద్దవి తగిలించి, ఎక్కడా లేని రంగు వేసి, ఏ రోడ్డు మీదా తిరగని కారు తయారుచేస్తే దాన్ని కళ అంటారు వాళ్ళ క్లబ్బువాళ్ళు. పెళ్ళైన కొత్తలో ఆయన ఒక నీలం కారు చేశాడు. రంగు కొవ్వొత్తి కారినట్టు కారింది. ముందు భాగం మీద బొటనవేలి ముద్ర పడింది. కిటికీలో పెట్టి, "ఆరితే సర్దుకుంటుందిలే," అని ఆఫీసుకి వెళ్ళిపోయాడు. నాకు చూడబుద్ధి కాలేదు. నేను పూటపని చేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. ఆవగింజంత మరలు బిగించే చేతులు ఇవి. నీళ్ళలో తడిపి రుద్దే గరుకుకాగితంతో ఆ రంగంతా అరగదీసి, పల్చగా కలిపి మళ్ళీ వేశాను. సాయంత్రం ఆయన వచ్చి కారు తిప్పి తిప్పి చూశాడు. "చూశావా, ఆరితే సర్దుకుందా లేదా?" అన్నాడు. వేళాకోళం అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. నా నవ్వు సగంలో ఆగిపోయింది.

అప్పటినుంచీ అతికించడం వరకే ఆయన పని. ఆ తరవాత కారు నా బల్ల మీద పెట్టి, "కాస్త ఆరబెట్టు," అంటాడు. అంటే రంగు వెయ్యమని. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా రంగు వెయ్యి అనలేదు. నేనూ అడగలేదు. ఇంట్లో చాలా పనులకి అసలు పేర్లుండవు. "కాస్త చూడు" అంటే వంట. "ఒక కన్నేసి ఉంచు" అంటే జ్వరం వచ్చిన అత్తయ్య పక్కన మూడు రోజులు మేలుకోవడం. అలాగే ఇది ఆరబెట్టడం.

ఆదివారాలు క్లబ్బువాళ్ళు ఇంటికి వస్తారు. వాళ్ళ అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. పళ్ళు గీకే పరికరాలతోనే కార్లూ గీకుతాడు. "గురువుగారూ, ఈ ఎరుపు ఎలా తెచ్చారండీ? లోపల దీపం పెట్టినట్టుంది," అంటాడు మా ఆయనతో. ఆయన కాలు మీద కాలేసుకుని, "ఓపిక ఉండాలి డాక్టరుగారూ, ఓపిక," అంటాడు. నేను టీ కప్పులు పట్టుకుని మధ్యలో నిలబడి ఉంటాను. "మా ఆవిడ కూడా సాయం చేస్తుందండోయ్. ఆరబెడుతుంది." అందరూ నావైపు దయగా చూస్తారు. "అదృష్టవంతులండీ. మా ఇంట్లో అయితే వీటిని చెత్తతోపాటు ఊడ్చేస్తారు," అంటాడు డాక్టరు. ఆ మాటకి నేను ఎన్నిసార్లు మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది.

అందుకే ఒక్క కారు మొదట్నుంచి చివరిదాకా నేనే చెయ్యాలనుకున్నాను. ఆయన పారేసిన ముక్కలు ఏరుకున్నాను. ఒక కారు తలుపులు, ఇంకో కారు వెనక భాగం. కుక్కరు కూతకీ కూతకీ మధ్య పనిచేశాను. పైకప్పు కోసేటప్పుడు ఊపిరి బిగబట్టాను. అగ్గిపుల్ల మందం మాత్రం కోసి దించాలి, అంతకు మించితే కారు తల నొక్కేసినట్టుంటుంది. ఆ రోజు సింకులో కడిగి ఆరాక వెండిరంగు వేశాను. దాని మీద పారదర్శకంగా ఉండే ఎరుపు, పొర తరవాత పొర. చివరగా పైన మెరుపు పూత ఒక్కటి మిగిలింది. ఎరుపు బాగా గట్టిపడ్డాక వెయ్యాలని చెప్పుల పెట్టెలో పెట్టి దాచాను.

ఒక సాయంత్రం పాలిష్ కోసం వెతుకుతూ ఆ పెట్టె తెరిచాడు ఆయన. కారు బయటికి తీశాడు. దీపం కింద పెట్టి చూశాడు. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇది నేనెప్పుడు చేశానే?" అన్నాడు.

నవ్వుతాడేమోనని చూశాను. లేదు. నుదురు రుద్దుకుంటూ నిజంగానే గుర్తు తెచ్చుకుంటున్నాడు. "పోయిన వానాకాలంలో అయ్యుంటుంది. చూడు, ఇంత మంచిది చేసి మర్చిపోయాను."

గోడకి ఆనుకున్నాను. అబద్ధమాడినా బాగుండేది. అబద్ధమాడేవాడికి నిజం ఎక్కడుందో తెలిసి ఉంటుంది కదా. ఈయనకి తెలియదు. నా చేతులు పన్నెండేళ్ళుగా ఆయన కళ్ళ ముందే పనిచేస్తున్నాయి, ఆయనకి కనిపించిందల్లా రంగు తనంతట తానే ఆరడం.

"అది నాదండీ," అన్నాను.

"మనదే," అన్నాడు, కారు మీంచి చూపు తిప్పకుండా.

ఆ కారే పట్టుకెళ్ళాడు క్లబ్బు ప్రదర్శనకి. మెరుపు పూత అందరి ముందూ వేసి చూపించమని డాక్టరు అడిగాడట. మాటల ఊపులో సరేనన్నాడు. వారమంతా అద్దం ముందు ఉపన్యాసం చెప్పుకున్నాడు, బ్రష్షు మాత్రం ముట్టలేదు. ఆ పూత నేను వెయ్యాల్సింది. ఆయన చేతిలో కారు పాడవుతుందని తెలుసు. వద్దంటే వినడు. దానికి సరిపడే మెరుపు ద్రవం చిన్న సీసాలో పోసి, చేతిసంచిలో పెట్టుకుని వెంట వెళ్ళాను. కనీసం ఏది వెయ్యాలో చెప్పొచ్చని.

హాల్లో ముందు వరసలో అత్తయ్యా నేనూ కూర్చున్నాం. కుర్చీలన్నీ నిండాయి. బల్ల మీద దీపం కింద నా కారు. ఆయన చేతులు కడుక్కొస్తానని వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి కుడిచేతికి కట్టు ఉంది.

"అయ్యో నాయనా, ఎప్పుడు తెగింది?" అంది అత్తయ్య.

"ఇప్పుడే అమ్మా. బ్లేడు." ఆయన మొహంలో బాధ కూడా ఉంది.

అత్తయ్య నావైపు తిరిగింది. "నువ్వు బ్లేళ్ళు ఎక్కడపడితే అక్కడ పెడతావు."

నేను ఆ కట్టునే చూస్తున్నాను. గుడ్డ నేను కార్లు తుడిచే మెత్తటి బనీను పేలిక. దాన్ని అతికించింది పసుపు రంగు మాస్కింగ్ టేపు. రంగు అంటకూడని చోట అతికించి, పనయ్యాక ఊడదీసే టేపు అది. చివర ఏటవాలుగా కోసి ఉంది. అలా కోసేది ఇంట్లో నేనొక్కదాన్నే. అంటే పేలికా టేపూ ఇంటినుంచే జేబులో పెట్టుకుని వచ్చాడు. పొద్దున షేవింగు చేసుకుంటూ కూనిరాగం తీస్తున్నప్పుడే ఈ కట్టు సంగతి అనుకుని ఉంటాడు.

"ఏం ఫరవాలేదండీ," అన్నాడు ఆయన అందరితో. "నేను చెబుతుంటాను, మా ఆవిడ చేస్తుంది. చెయ్యి ఎవరిదైతేనేం, బుర్ర నాది కదా."

హాలు నవ్వింది. చప్పట్లు కొట్టారు. నేను ఎలా లేచానో, ఎలా బల్ల దగ్గరికి వెళ్ళానో గుర్తులేదు. చేతిసంచిలోంచి సీసా తీశాను.

"అది కాదు. అదిగో, ఆ డబ్బా తీసుకో," అన్నాడు. క్లబ్బువాళ్ళు పెట్టిన స్ప్రే డబ్బా అది. లాకర్ అనే ఘాటైన మెరుపు పూత.

నా కారు మీద ఉన్నది ఎనామిల్ రంగు. లాకర్ మీద ఎనామిల్ వెయ్యొచ్చు, ఎనామిల్ మీద లాకర్ వెయ్యకూడదు. వేస్తే కింది రంగుని తినేస్తుంది. ఈ పని మొదలుపెట్టిన ఎవరైనా ముందు పాడుచేసుకుని నేర్చుకునేది ఇదే. ఆయన ఏదీ పాడుచేసుకోలేదు. ఆయన పాడుచేసినవన్నీ నేను బాగుచేశాను.

"ఇదేనా అండీ?" అన్నాను.

"అదే."

వెనక ఎవరో కుర్చీలో కదిలారు. "ఎనామిల్ మీద ఇదేనా అండీ?" అని మళ్ళీ అడిగాను, కాస్త గట్టిగా. ఆయనకి దారి చూపించడానికే అడిగాను. ఇంటికెళ్ళాక కూడా కాపురం చెయ్యాలి కదా అనుకునే అడిగాను.

ఆయన జనం వైపు తిరిగి కన్ను గీటాడు. "ఇంట్లోనూ ఇంతేనండీ. ఒకటికి మూడుసార్లు చెప్పాలి. చెప్పింది చెయ్యవే."

మళ్ళీ నవ్వులు. అత్తయ్య కూడా నవ్వింది.

కారు వైపు చూశాను. తలుపుల అంచులు, వంపులు, ఎరుపు లోపల వెలిగే వెండి. పారేసిన ముక్కల్లోంచి నేను లేపిన కారు. డబ్బా ఊపాను. లోపల గోళీ టకటకమంది. జానెడు దూరంలో పెట్టి, చెయ్యి వణక్కుండా, ఆయన చెప్పినట్టే కొట్టాను.

ఒక్క క్షణం అద్దంలా మెరిసింది. "అబ్బా," అన్నాడు డాక్టరు. ఆ తరవాత పైకప్పు మధ్యలో సన్నటి గీత లేచింది. దాని పక్కన ఇంకొకటి. పాల మీద మీగడ ముడుచుకున్నట్టు ఎరుపంతా ముడుచుకుంటూ పోయింది. కింది వెండి పొక్కులుగా పైకి తేలింది. నేను చేసిన పనికి అందరికంటే నిర్ఘాంతపోయింది నేనే. నా చెయ్యి నా కారుని చంపడం కళ్ళారా చూశాను. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు.

డాక్టరు లేచి దగ్గరికి వచ్చాడు. "గురువుగారూ, ఇప్పుడేం చెయ్యాలి?"

అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన కారుని చూశాడు, నన్ను చూశాడు. ఆయన కళ్ళలో బెదురు లేదు. అదే నన్ను భయపెట్టింది.

"ఏం చెయ్యక్కర్లేదండీ," అన్నాడు తాపీగా. "ఆరితే సర్దుకుంటుంది."

రంగు పని తెలిసిన వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు.

"సర్దుకోదండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఎప్పుడూ సర్దుకోలేదు. ఆ నీలం కారు కూడా సర్దుకోలేదు."

"నువ్వు ఊరుకో. ఇంటికెళ్ళి మాట్లాడదాం," అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

"ఇదంతా గీకేసి, కడిగి, మొదట్నుంచి వెయ్యాలి డాక్టరుగారూ. నేను వేస్తాను. వచ్చే ప్రదర్శనకి తెస్తాను. నా కారుగా."

అత్తయ్య లేచి నిలబడింది. "ముందు వాడి చెయ్యి సంగతి చూడమ్మా. రక్తం కారుతోందేమో. కార్లు తరవాత."

"చూస్తానత్తయ్యా," అన్నాను.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. మణికట్టు పట్టుకున్నాను. ఏటవాలుగా కోసిన చివర గోటికి వెంటనే దొరికింది. మాస్కింగ్ టేపుని విసురుగా లాగకూడదు. దాని మీదికే మడుస్తూ, నింపాదిగా తియ్యాలి. కింద ఉన్నది శుభ్రంగా బయటపడాలంటే అదొక్కటే పద్ధతి.

అలాగే తీశాను.