సైకిలుకు సిగ్నలా?

బుచ్చిరాములు బతుకంతా శ్రీరాంపూర్ గనిలో గడిచింది. తాడుతో బొగ్గు టబ్బులను లాగే యంత్రం నడిపేవాడు. లోపలి నుంచి ఒక్క గంట మోగితే ఆపాలి. ఎందుకని అడగకూడదు. అడిగేలోపు కింద ఎవడి కాలో నుజ్జవుతుంది. రిటైరైనా ఆ గంట ఆయన చెవిలోంచి పోలేదు. అన్నం తినేటప్పుడు ఎవరైనా గ్లాసు మీద చెంచా కొడితే ముద్ద నోటిదాకా పోకుండా ఆగేది.

కాలనీ చౌరస్తాలో సిగ్నల్ లైట్లు పెడితే జనానికి అదొక తమాషా. ఆయనకు మాత్రం మళ్లీ గంట మోగినట్టయింది. మనవరాలు నిఖితకు సైకిలు నేర్పిన రోజే చెప్పాడు.

"ఎర్రది పడ్డదంటే ఆగుడే బిడ్డా. లారీకైనా సైకిలుకైనా ఒక్కటే."

ఆ పిల్ల ఆగేది. తోటి పిల్లలు నవ్వుకుంటూ దూసుకుపోతున్నా, గీత దగ్గర కాలు ఆనించి నిలబడేది. ఆ ముచ్చట హోటల్ బల్ల మీద పదిమందికీ చెప్పుకుని మురిసేవాడు ముసలాయన.

వానాకాలంలో ఒకనాడు పొద్దున అలాగే నిలబడితే, వెనక నుంచి మోటార్ సైకిలు వచ్చి గుద్దింది. మోకాలు పగిలింది. గుద్దినవాడు సిగ్గుపడలేదు సరికదా, సైకిలు ఆగుతుందని ఎవరనుకుంటారని ఎదురు తగాదాకు దిగాడు. అక్కడి ట్రాఫిక్ జవానూ వాడికే తలూపాడు. ఉరుక్కుంటూ వచ్చిన బుచ్చిరాములునే మందలించాడు.

"సైకిలుకు సిగ్నలేంది పెద్దమనిషీ? సందు చూస్కొని పోవాలె గాని."

కొడుకు సంపత్ ఆస్పత్రిలో తండ్రి మొహం చూడలేదు. చివరికి ఒక్క మాట అన్నాడు.

"నీ గని రూల్ గనిల్నే ఇడిసిపెట్టి రావద్దా బాపూ?"

గుద్దినవాడు దర్జాగా తిరుగుతున్నాడు, ఆగిన పిల్ల కుంటుతోంది.

దసరా సెలవులయ్యాక నిఖిత మళ్లీ సైకిలెక్కింది. వెంట తన పాత సైకిలు మీద తాత. చౌరస్తాకు రాగానే ఎర్ర లైటు పడింది. ఇద్దరూ ఆగారు. వెనక ఒక లారీ ఆగకుండా హారన్ కొడుతూ మీదికొస్తోంది. పిల్ల తాత మొహంలోకి చూసింది.

"పో బిడ్డా," అన్నాడు బుచ్చిరాములు. "ఆగకు, పో."

ఆ పిల్ల పోయింది. లారీ కూడా ఆయన పక్కనుంచి రాసుకుంటూ పోయింది. ఆయన కాలు మాత్రం నేల మీంచి లేవలేదు.

అవతల విజిల్ మోగింది. అదే జవాను. ఇవాళ పక్కన పెద్ద సారు జీపు ఉంది కాబట్టి రూల్ గుర్తొచ్చినట్టుంది. లారీని వదిలేసి నిఖిత సైకిలు హ్యాండిల్ పట్టుకున్నాడు. జవాను అరుపు రోడ్డు ఇవతల ఉన్న తాతకూ వినబడింది.

"ఎర్ర లైటు కనబడ్తలేదా? ఇంట్ల చెప్పెటోళ్లు లేరా నీకు?"

నిఖిత ఒకసారి తాత వైపు చూసి తల దించుకుంది.

"లేరు సార్."