మేకలు మేసిన చాటు

గుండ్లకమ్మ పొంగి మార్కాపురం దారి తెగిన మరుసటి వేసవి, అవును, రాష్ట్రం రెండయ్యాక వచ్చిన వరదే, అంత నీళ్లు వచ్చినా ఎండలకు మా మెట్టన గడ్డి మిగలక మందను సముద్రం ఒడ్డుకు తోలుకొచ్చాము, నేనూ మా బావమరిది ఓబులేసూ, తాటిచెట్ల నీడన కునుకు తీసి లేచేసరికి మేకలు లేవు, ఇసుకదిబ్బ అవతల కరకరమని నమిలే చప్పుడు, పోయి చూస్తే సుబాబుల్ మండలు, పచ్చివి, కొట్టి పేర్చినవి, కొట్టిన మండ కంటబడితే తమకే వేశారనుకుంటాయి మా మేకలు, ఆ అలవాటు చేసింది మేమే, మండల కింద వల, వల కింద పెద్ద లారీ, దాని మీద తాటిమొద్దులంత గొట్టాలు, మూతులు సముద్రం వైపు, బావా, టీవీలో చూపిస్తారే, ఓడల మీదికి ఇడిచే మిసైలు, ఇదే, నీ మేకలు మిలిట్రీలో చేరినాయిలే, ఇంక పింఛనే, అని ఓబులేసు నవ్వబోయాడు, సగంలోనే ఆగిపోయాడు, ఎదురుగా తుపాకి.

యాడోళ్లు మీరు, అన్నాడు సిపాయి, మార్కాపురం నాయనా, జీవాలోళ్లం, అంటే తుపాకి దించాడు, నాది గిద్దలూరే తాతా, కాలేషా అంటారు, ఎంత పని చేసినారు తాతా, అన్నాడు, జైల్లో వేస్తారేమో, మందను పట్టుకుపోతారేమో, వాటిని పిల్లల్లాగా సాకిన నా పెళ్లాం గురమ్మకు ఏమని చెప్పాలి, తప్పయింది నాయనా, మమ్మల్ని ఏం చేస్తారు, అని అడిగితే అతను నన్ను చూడడం లేదు, నీళ్ల అంచునే చూస్తున్నాడు, సరిహద్దులో కాల్పులని ఊరంతా చెప్పుకుంటున్న రోజులవి, మిమ్మల్నేం చేస్తాం తాతా, మేం వాళ్ల ఓడను కొట్టేలోగా వాళ్లు దీన్ని కనిపెడితే ముందు దీన్నే కొడతారు, మేముండేది దీని పక్కనే గదా, మళ్లా కప్పాల, ఈ ఇసకలో ఆకు యాడుంది, పోండి, చూసింది ఎవరికీ చెప్పబాకండి, అన్నాడు, మేకలు వదిలిన నాలుగు మండల్ని వల మీద సర్దుకుంటూ.

వదిలేశాడు, అయినా భయం వదల్లేదు, రాత్రి అల విరిగినా ఉలిక్కిపడి లేస్తున్నాను, పొద్దున్నే పోదాం బావా, మన గుట్టలే మేలు, అంటున్నాడు ఓబులేసు, పోదాం, కాని ఇది నా భయం కాదు, నా కోసమైతే ఈపాటికి తగ్గాలి, అంత ఇనుము పక్కన నిలబడ్డ ఆ గిద్దలూరు పిల్లవాడికి ఉన్న చాటు ఒక్కటే, గుప్పెడు ఆకు, అది నా మేకల కడుపులో ఉంది.

తెల్లవారాక మందను ఓబులేసుకు అప్పగించి, కాలవ గట్టు దాకా నడిచి, మోయగలిగినన్ని సుబాబుల్ మండలు కొట్టి మోపుకట్టి, తుపాకి ఉన్న వైపుకే ఎత్తుకొని వెళ్లాను.