పసుపు అంటిన లాప్‌టాప్

రూపకు కోపమొస్తే ఆగదని సంతోష్‌నగర్‌ల ఆ గల్లీ మొత్తానికి తెలుసు. నల్లాకాడ లైను తప్పి బిందె పెట్టినోళ్లను అడుగుండ్రి, చెప్తరు. కానీ ఆ పొద్దు వచ్చిన కోపం వేరు. తిట్టుదామంటే ఎదురుంగ మనిషే లేడు. తెర మీద ఒక నీలం డబ్బా ఉన్నది, దాంట్ల ఒక్క ముక్క రాసున్నది: ఈ కంప్యూటర్ ఈ పనికి అర్హం కాదు.

"అర్హం కాకపోవుడేంది? నిన్నటిదాక నీ మీదనే కదా కొట్టిన!" అని లాప్‌టాప్‌నే నిలదీసింది రూప.

ఆమెది ఇంట్ల కూసోని చేసే టైపు పని. దవాఖానల డాక్టర్లు ఫోన్ల మాట్లాడి పంపిస్తరు, ఈమె చెవులకు తీగలు పెట్టుకోని ఇనుకుంట కొట్టి పంపాలె. మొగడు మురళి పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డప్పటి సంది పొయ్యి మండుతున్నదంటే ఆ టైపు వల్లనే.

ఈ లాప్‌టాప్ ఇంటికొచ్చి నెల కూడ కాలే. దీనికంటె ముందుగాల ఇంకోటి ఉండె. పాతదే గని బంగారమసొంటి మెషీన్, ఒక్కనాడు మొరాయించలే. దసరా అయిపోంగనే ఆఫీసు సూపర్‌వైజర్ అంజన్ ఫోన్ చేసి, "మీ మెషీన్‌ను నడిపించే సిస్టమ్‌కు, అదే లోపలి సాఫ్ట్‌వేర్‌కు, కంపెనీ అప్‌డేట్లు బంద్ పెట్టిందమ్మా, సేఫ్టీ లేదు. కొత్త సిస్టమ్ ఉంటేనే లాగిన్" అన్నడు. సరే, కొత్తదే ఎక్కిద్దమంటే ఆ సిస్టమ్ చేసిన కంపెనోళ్లే అడ్డం తిరిగిన్రు. లోపలి చిప్పు పాతదంట, కొత్త సిస్టమ్ దాని మీద ఎక్కియ్యరంట. మెషీన్ మంచిగున్నా సరే, పక్కకు పారేసి ఇంకోటి కొనుక్కోమని చెప్పుడే కదా ఇది! ఫ్రిజ్ చేసినోడు ఇంటికొచ్చి, నీ ఫ్రిజ్ చల్లగనే ఉన్నది గని రేపటి సంది పాలు పెట్టద్దు అంటే ఊకుంటమా? ఈడ మాత్రం అందరు ఊకున్నరు. రూప కూడ ఊకున్నది.

మెయిన్ రోడ్డు మీద జగదీశ్వర్ లాప్‌టాప్ దుకాణం. పాతది తుక్కు కింద తీస్కోని, పైన పైసలు తీస్కోని, కొత్త సిస్టమ్ ఉన్నదని ఇది ఇచ్చిండు. పాతదాన్ని తీస్కునేటప్పుడు తెర మడిచే కాడి సందును చూసి గట్టిగ నవ్విండు. ఆ సందుల పసుపు ఎండిపోయి ఉన్నది. ఆయుధపూజ నాడు అత్త మాణిక్యమ్మ, "మనకు అన్నం పెట్టేది ఇదే కదనే" అని పసుపునీళ్లు చల్లి, బొట్లు పెట్టి మొక్కింది. ఆ నీళ్లు సందులకు దిగినై. ఎంత తుడ్సినా పోలే.

"లాప్‌టాప్‌కు పసుపేందమ్మా, ఇదేమన్న పెండ్లిపిల్లనా?" అన్నడు జగదీశ్వర్. అప్పుడు రూప కూడ నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు యాదికొస్తే ఒళ్లు మండుతున్నది.

అంజన్‌కు ఫోన్ చేసింది. ఆయన అంతా ఇని, "మీకు అంటగట్టింది కూడ పాత మెషీనేనమ్మా. దొంగదారిల కొత్త సిస్టమ్ ఎక్కిచ్చిన్రు. రాత్రి మా సాఫ్ట్‌వేర్ మారింది, లోపలి చిప్పును చూసి పట్టేసుకున్నది. సాయంత్రంలోపల సరైన మెషీన్ మీద లాగిన్ గాండ్రి, లేకుంటే సీటు తీసేస్తం" అన్నడు.

"ఇన్నేండ్ల సంది చేస్తున్న సార్..."

"రూలు అమ్మా. నా చేతుల ఏమున్నది?"

ఎవన్ని అడిగినా గిదే మాట. రూప లాప్‌టాప్‌ను సంచిల ఏసుకోని, కాళ్లకు చెప్పులు ఏసుకున్నదో లేదో, దుకాణం దిక్కు ఉరికింది.

దుకాణంల ఒక పిల్ల నిలబడి ఉన్నది, నల్ల బురఖా, చేతుల ఒక లాప్‌టాప్. దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూస్తున్నది. జగదీశ్వర్ నోట్ల చక్కెర పోస్కున్నట్టు మాట్లాడుతున్నడు. "బేఫికర్‌గ, ఏ భయం లేకుంట తీస్కపో ఉమ్మే హానీ. కొత్త సిస్టమ్, ఇంకో అయిదేండ్లు చూడనక్కర లేదు."

రూప నోరు తెరవబోయింది. ఆ పిల్ల అప్పుడే తెర మడిచింది. మడత సందుల పసుపు.

రూప గుర్తుపట్టింది. తన మెషీన్! తుక్కు కింద పోయిందన్న మెషీన్ పైన కొత్త స్టిక్కర్ ఏసుకోని, అద్దంలెక్క తళతళ మెరుస్తున్నది.

జగదీశ్వర్ ఆమె కండ్లు ఎక్కడున్నయో చూసిండు. మొఖం తెల్లబోయింది. గబగబ వచ్చి ఆమెను లోపలి మూలకు తీస్కపోయి, గొంతు తగ్గించి, "రూపమ్మా, లొల్లి చేయకు. నీకు అసలైనది, కొత్త చిప్పుది ఇప్పుడే ఇస్త, పైసా అడగ. మధ్యాహ్నంలోపల లాగిన్ అయిపోతవు. ఆ పిల్లను మాత్రం అది కొనుక్కోని పోనీయ్" అన్నడు.

రూప గుండె ఒక్కసారి ఆశపడ్డది. అబద్ధమెందుకు, పడ్డది. సీటు నిలబడ్తది, ఇల్లు నిలబడ్తది, ఇంకేం గావాలె? ఎవరి తిప్పలు వాళ్లయి.

గప్పుడే ఉమ్మే హానీ ఆమె దిక్కు తిరిగి నవ్వింది. "అక్కా, మీరు గూడ ఈడనే కొంటరా? నాకు రేపటి సంది టైపు పని. దవాఖాన డాక్టర్లది. అంజన్ సార్ పొద్దుగాల ఫోన్ చేసిండు, ఒక సీటు ఖాళీ అయితున్నదని. జల్‌పల్లి నుంచి ఉరికొచ్చిన."

ఖాళీ అయితున్న సీటు. సాయంత్రం దాక టైమిచ్చినట్టే ఇచ్చి, పొద్దుగాల్నే ఇంకో పిల్లకు ఫోన్ కొట్టిండు! ముందుగాల రూపకు ఆ పిల్ల మీదనే కోపమొచ్చింది. కొననీ, రేపు దీనికి గూడ నీలం డబ్బా రానీ, అనుకున్నది. అనుకోంగనే తన మీద తనకే అసహ్యమైంది. ఆ పిల్ల చేసిందేంది? తను మొన్న చేసిందే చేస్తున్నది, నమ్మి కొంటున్నది.

"థూ!" అన్నది రూప, గల్లీ నల్లాకాడి గొంతుతోని. "అది కొనకు బిడ్డా! అది నాదే. దాని చిప్పు పాతది, పైన దొంగ సిస్టమ్ ఎక్కిచ్చిండు. రేపు నీకు లాగిన్ కాదు. ఆ పసుపు మా అత్త చల్లింది, కావాల్నంటే ఇంటికొచ్చి అడుగు!"

బయట పోయేటోళ్లు ఆగిన్రు. జగదీశ్వర్‌కు గూడ రోషమొచ్చింది. "నేను చేసిన్నా ఈ రూలు? మంచిగున్న మెషీన్లు గుట్టలు గుట్టలు వచ్చి నా దుకాణంల పడుతున్నయి. తుక్కుల పారెయ్యమంటవా? మోసమే చేసిన, ఒప్పుకుంట. గని మొదటి మోసం నాది కాదు!"

"అయితే ఆ కంపెనోళ్లనే మోసం చెయ్యి! మా మీద పడతవేంది?" అన్నది రూప. అతను అంటగట్టిన లాప్‌టాప్‌ను సంచిల నుంచి తీసి బల్ల మీద దబ్బున పెట్టింది. ఉమ్మే హానీ చేతుల ఉన్నదాన్ని తీస్కోని, రొమ్ముకు ఆనించుకోని బయటికి నడిసింది. జగదీశ్వర్ అడ్డం రాలే. వెనక ఉమ్మే హానీ దిగింది.

మెట్ల మీద నిలబడి రూప అంజన్‌కు ఫోన్ కలిపింది, స్పీకర్ పెట్టింది.

"సార్, నా పాత మెషీన్ దొరికింది. మంచిగ నడుస్తది. పని జేస్త."

"అది చెల్లదమ్మా. చెప్పిన గదా."

"మరి చెల్లేది మీరియ్యుండ్రి. రూలు మీది, పని మీది, మెషీన్ మాత్రం మా మెడలకెందుకు?"

"గట్ల మాట్లాడితే లాభం లేదు రూపా. నువ్వు కాకుంటె ఇంకో అమ్మాయి రెడీగున్నది."

ఉమ్మే హానీ మొఖం ఎర్రబడ్డది. రూప చేతుల నుంచి ఫోన్ అందుకున్నది.

"ఆ అమ్మాయిని నేనే సార్. నా దగ్గర గూడ మీకు చెల్లే మెషీన్ లేదు. మెషీన్ మీరియ్యుండ్రి, ఇద్దరం వస్తం. లేకుంటె ఇద్దరం రాం."

అవతల అంజన్ ఫోన్ పెట్టెయ్యలే. ఇద్దరాడోళ్లు మెట్ల మీద నిలబడి, ఆయన ఏమంటడో ఇననీకి ఎదురుచూసిన్రు.