రెండో బ్రేకు

డ్రైవింగ్ నేర్పే కారులో బ్రేకులు రెండుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, ఇంకోటి నా కాలి కింద. ఆ రెండోదే లేకపోతే మా ఆయన అక్క ఈపాటికి నన్ను ఏదో గోడకు అంటించేసి ఉండేది.

ఈ వదినకీ నాకూ మొదట్లో ఉప్పూ నిప్పూ. నాకు నెల మధ్యలో రక్తం కనబడుతోందని ఆస్పత్రికి వెళితే, గర్భాశయం మూతి దగ్గర గడ్డ ఉందన్నారు. ముక్క తీసి పరీక్షించి క్యాన్సరన్నారు. గర్భసంచి తీసెయ్యాలని సర్జన్ తేల్చేశాడు. పిల్లల కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నదాన్ని, కుప్పకూలిపోయాను.

"ప్రాణం కంటే ఎక్కువా? తీయించేసుకో," అంది వదిన. ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. అందుకే నాకు ఒళ్ళు మండింది.

ఆపరేషన్ ముందురోజు ల్యాబు డాక్టరమ్మ స్వయంగా నా మంచం దగ్గరికి వచ్చారు.

"ఆపరేషన్ ఆపించానమ్మా. అనుమానమొచ్చి ఆ ముక్కకి ఇంకొన్ని పరీక్షలు చేశాను. ఇది మేం అనుకున్న క్యాన్సర్ కాదు, లింఫోమా. తెల్ల రక్తకణాల్లో పుట్టే రకం. గర్భాశయం దగ్గర రావడం చాలా అరుదు, అందుకే మొదట పొరబడ్డాం. మీకు కత్తి అక్కర్లేదు, మందులు చాలు."

"మరి సంచి?"

"ఉంటుంది. పిల్లల సంగతి ఇప్పుడే చెప్పలేను. మందులయ్యాక నెలసరి తిరిగొస్తే ఆశ పెట్టుకోండి."

నా బతుక్కి కూడా రెండో బ్రేకు మీద ఎవరో కాలేసి కూర్చున్నారన్నమాట. ఆవిడ చేతులు పట్టుకుని బావురుమన్నాను.

కీమో నన్ను పిండి ఆరేసింది. నెలసరి ఆగిపోయింది. నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి ప్రతిసారీ టాక్సీ కోసం వీధి చివరిదాకా పరిగెత్తిన వదిన, "లేచి తిరగ్గానే నాకు కారు నేర్పాలి నువ్వు," అని హుకుం జారీ చేసింది.

చివరి స్కానులో గడ్డ జాడే లేదు. మాట ప్రకారం వదినని కారెక్కించాను. క్లచ్ మీద ఏదో పాత పగ ఉన్నట్టు తొక్కేది.

ఒకరోజు కూడలి దాటుతుండగా నడుము లాగేసింది, పొత్తికడుపు మెలిపెట్టింది. ఒక్క క్షణం భయమేసింది. తర్వాత గుర్తుపట్టాను. చిన్నప్పట్నుంచీ నేను తిట్టుకుంటూ వచ్చిన నొప్పే అది.

"వదినా, మందుల షాపు దగ్గర ఆపండి."

ఆవిడ మొహం పాలిపోయింది. "ఏమైందే? మళ్ళీనా?"

"కాదు. నెలనెలా వచ్చేది. వచ్చేసింది."

వదిన అద్దంలో చూసింది, సిగ్నల్ వేసింది, ఒక్క కుదుపు లేకుండా కారు పక్కకు ఆపింది. నా కాలికి పనే పడలేదు. అప్పుడు స్టీరింగ్ మీద తల వాల్చి ఏడ్చింది. తల కింద హారన్ మోగుతూనే ఉంది, రోడ్డు మీద అందరూ మావైపే చూస్తున్నారు.

"మోగనివ్వండి వదినా," అన్నాను.