ఇరవైమూడో మజిలీ

ఈవార్ మాస్టారికి పిపిట్ పిట్ట పాట వినబడటం లేదని నాకు తెలిసింది నాలుగేళ్ల కిందట జూన్‌లో, ఉత్తరబీడు పక్కన, ఇరవైమూడో మజిలీలో.

పికప్ ఇంజన్ ఆపాను. ఆయన దిగి, మట్టిరోడ్డు మీద నిలబడి గడియారం చూసుకున్నారు. ఏటా జూన్‌లో మేం చేసే పిట్టల లెక్క పద్ధతి అది. పాతిక మైళ్ల దారి, అర మైలుకో మజిలీ, మొత్తం యాభై. ఒక్కో చోట మూడు నిమిషాలు. కనబడిన పిట్టనీ వినబడిన పిట్టనీ ఆయన పైకి చెబుతారు, నేను రాస్తాను. లెక్కించేది ఒక్కరే. ఏడాదికీ ఏడాదికీ పోల్చి చూడాలంటే చెవులు మారకూడదు. రాసేవాడు తన నెత్తి మీద గద్ద వాలినా నోరు విప్పకూడదు. ముప్ఫై ఏళ్లుగా ఆ నియమాన్ని ఆయన ఒక్కసారి కూడా తప్పలేదు.

పిపిట్ గడ్డిలో కంటపడదు. మగపిట్ట చూపు ఆనని ఎత్తుకు ఎగిరి, అక్కణ్ణుంచి సన్నటి గొలుసు జారవిడిచినట్టు పాటను కిందికి వదులుతుంది. దాన్ని పట్టుకోవాలంటే చెవి ఒక్కటే దారి. ఆ రోజు మా నెత్తిన రెండు పాడుతున్నాయి. ఆయన చెప్పకముందే నా చెయ్యి పిపిట్ గడిలో రెండు గీతలు గీసేసింది.

"మెడోలార్క్ రెండు," అన్నారు మాస్టారు. "ఇంకేం లేవు. పద."

ఆయన మొహం చూశాను. కళ్లు ఆకాశం మీదే ఉన్నాయి. చాలా శ్రద్ధగా చూస్తున్నారు, చెవికేమీ అందడం లేదు. నేను రబ్బరు తీసి గీతలు చెరిపేశాను.

బీడు వెంట ఆరు మజిలీలున్నాయి. ఆ పొద్దున నాలుగు చోట్ల చెరిపాను.

పిపిట్ పాట నాకు నేర్పింది ఆయనే. ఆరో తరగతిలో మమ్మల్నందరినీ బీడుకు తీసుకెళ్లి, గడ్డిలో వెల్లకిలా పడుకోబెట్టి, వినబడినవాడు చెయ్యెత్తాలన్నారు. మొదట ఎత్తింది నేను. డెల్మర్ ఫ్రీసెన్ చెవులు ఊళ్లోకెల్లా మంచివని ఆయన ఆ తర్వాత నలభై ఏళ్లు అందరితో చెబుతూనే వచ్చారు. లెక్క రాసే పని ఆయన భార్య ఇంగా చేసేది. ఆమె పోయాక నన్ను పిలిచారు.

ఉత్తరబీడు పద్దెనిమిది వందల ఎకరాలు. నాగలి తగలని నేల. సస్కాచెవాన్ రాష్ట్రంలో మా వైపు అలాంటిది అదొక్కటే మిగిలింది. అది ఊరి మండలిది. దానికి రెండు వైపులా నా పొలం. మా నాన్న చచ్చేదాకా దాన్ని చూస్తూ బతికాడు, నేనూ అంతే. దున్నడానికి ఇవ్వమని ఎప్పుడడిగినా మాస్టారు లేచి నిలబడి అంకెలు చదివేవారు. ఆయన మొదలుపెట్టిన ఏడాది ఆ ఆరు మజిలీల్లో పదకొండు పిపిట్లు. తర్వాత తొమ్మిది, ఏడు, అయిదు. చుట్టుపక్కల గడ్డినేలలన్నీ దున్నేశాక వాటికి మిగిలిన చోటు ఇదేననేవారు. చివరికి, మనుషుల మాటలు వద్దు, పిట్టల లెక్కే తేల్చాలని ఆయనే తీర్మానం రాయించారు. వరసగా మూడేళ్లు పిపిట్ ఒక్కటీ లేకపోతే బీడు దున్నుకోవచ్చు. ఒక్కటున్నా అలాగే ఉంచాలి.

మొదటి ఏడాది నేను నియమానికే కట్టుబడ్డాననుకోండి. రెండో ఏడాది రబ్బరు అవసరం పడలేదు. చేతిని అదుపులో పెట్టుకున్నాను.

మూడో ఏడాది ఇరవైమూడో మజిలీలో పిపిట్ సరిగ్గా మా పైనే పాడింది. మూడు నిమిషాలూ ఆపలేదు. మాస్టారు టోపీ తీశారు, ఇటు తిరిగారు, అటు తిరిగారు. సమయం అయిపోయినా కదల్లేదు. తర్వాత కిటికీ దగ్గరికొచ్చి, జీవితంలో మొదటిసారి అడిగారు.

"డెల్మర్, నీకేమన్నా వినబడిందట్రా?"

"రాసేవాడు చెప్పకూడదు కదా మాస్టారూ."

"నియమం సంగతి నేను చూసుకుంటాను. ఒక్కటి. ఒక్కటి వినబడినా చెప్పు."

పైన అది ఇంకా పాడుతూనే ఉంది.

"గాలి," అన్నాను. "అంతే."

ఆయన తల ఊపి బండెక్కారు. మిగతా దారంతా మెడోలార్కులనే చెప్పారు. వాటి గొంతు లావు, ఆయనకు అందేది.

జూలై మొదట్లో మండలి కూర్చుంది. మాస్టారే లేచి మూడు సున్నాలూ చదివారు. ఎవరో, మీ చెవులు బాగానే ఉన్నాయా అని మర్యాదగా అడిగారు. ఆయన నా వైపు చేయి చూపించి, నాకూ అనుమానం వచ్చింది, అందుకే డెల్మర్‌ని అడిగాను, వాడి చెవుల సంగతి మీకు తెలుసుగా అన్నారు. అందరూ నన్ను చూశారు. నేను నేల చూశాను. దాన్ని వాళ్లు దుఃఖమనుకున్నారు. పక్క పొలం నాదే కాబట్టి బీడు నాకే కౌలుకిచ్చారు. మాస్టారు మెట్లు దిగుతూ నా భుజం పట్టుకుని, బీడు ఎవరికో పోయేకంటే నీకు దక్కడమే నయంరా అన్నారు.

వారం తిరక్కుండా ట్రాక్టర్ దింపాను. మా అలవాటు ప్రకారం అంచుల నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి వెళ్లాను. గూళ్లలో అప్పుడే రెండో విడత పిల్లలు. గల్ పక్షులు ఎక్కణ్ణుంచి పసిగట్టాయో వందలుగా వచ్చి నా వెనక దిగాయి. నాగలి పళ్లాల కింద తిరగబడ్డ మట్టిలో కదిలినదాన్నల్లా ముక్కున కరుచుకుపోయాయి. ఎగరగలిగిన పెద్దపిట్టలన్నీ ఇంకా దున్నని నడిమధ్యకు చేరాయి. నేను చుట్టు తిరిగేకొద్దీ ఆ గడ్డిముక్క చిన్నదవుతోంది, దాని మీద పాట చిక్కబడుతోంది. క్యాబిన్ తలుపు మూసుకుని రేడియో పెంచాను.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం మాస్టారి కూతురు సిగ్నే కారు వచ్చి ఆగింది. స్విఫ్ట్ కరెంట్ పట్నంలో నర్సు ఆమె. పొయ్యి మీద కెటిల్ ఈల వేస్తున్నా తండ్రి పక్కనే కూర్చుని పేపరు చదవడం చూసి, పట్టుకెళ్లి చెవులకు మిషన్లు పెట్టించింది. ఆయన కారు దిగి దుక్కిలో నడుస్తూ వచ్చారు. మధ్యమధ్యలో ఆగి తల పైకెత్తుతున్నారు. నా దగ్గరికొచ్చి పైకి వేలు చూపించారు.

"ఉన్నాయిరా," అన్నారు. "ఆపు. ఆ మధ్యలోదన్నా వదిలెయ్."

వారం క్రితం ఆపి ఉంటే పద్దెనిమిది వందల ఎకరాలు. ఇప్పుడు మిగిలింది నలభై. నేను ట్రాక్టర్ దిగలేదు.

"తీర్మానంలో మధ్యలో వదలమని లేదు మాస్టారూ. రాయించింది మీరే."

సిగ్నే నన్ను ఒక మాట అంది. అది ఇక్కడ రాయను. మాస్టారు నన్ను చూడటం మానేసి, దుక్కిలో గల్ పక్షులను చూశారు. తర్వాత, చాలా మెల్లగా, మిషన్లు రెండూ చెవుల్లోంచి తీసి చొక్కా జేబులో వేసుకున్నారు. ఆ సాయంత్రానికి నలభై కూడా పూర్తి చేశాను.

మళ్లీ జూన్ వచ్చింది. బీడంతా మసూరు పప్పు పైరు మొలిచింది. మాస్టారు ఫోన్ చేసి, పొద్దున నాలుగింటికి, ఎప్పటిలాగే, అన్నారు. ఊరంతా నన్ను ఆయన కుడిభుజం అంటుంది. కాదంటే ఎందుకని అడుగుతారు. వెళ్లాను.

ఆయన చెవుల్లో మిషన్లున్నాయి. మొదటి మజిలీ నుంచే మాటల వరద. కొన్నేళ్లుగా నోట రాని పేర్లన్నీ చెప్పారు. నేను రాశాను. ఇరవైమూడో మజిలీలో ఇంజన్ ఆపాను. మసూరు మొక్కల మీద గాలి వీచింది. మూడు నిమిషాలు గడిచాయి. ఆయన కిటికీ దగ్గరికొచ్చారు.

"ఏమన్నా వినబడిందట్రా?"

"లేదు మాస్టారూ."

"ఈసారి నిజం చెప్పావు."

కోటు లోపలి జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశారు. నేను గీతలు చెరిపిన ఏడాది లెక్క. ప్రతి ఏడాది కాగితాలూ ఆయన అల్మారాలో దాస్తారని నాకు తెలుసు. తెలిసీ తట్టలేదు. దాన్ని ఎండకు ఏటవాలుగా పట్టుకున్నారు. పిపిట్ గడిలో, రబ్బరు తుడిచిన చోట, రెండు గీతల పల్లాలు నీడలతో సహా లేచాయి.

"నీకు పెన్సిల్ గట్టిగా నొక్కే అలవాటు," అన్నారు. "ఆరో తరగతిలో కూడా అంతే. కాగితం చిరిగేది."

మండలికి చెబుతారా అని అడిగాను.

"చెబితే గడ్డి తిరిగొస్తుందా? తెగిన గడ్డివేరు నా మనవల కాలానికి కూడా అతుక్కోదు." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఊళ్లో ఎవరికీ చెప్పను. నువ్వు మాత్రం రావాలి. వచ్చే ఏడూ, ఆ పై ఏడూ. ఈ ఆరు చోట్లా నా పక్కన కూర్చుని మూడేసి నిమిషాలు వినాలి. ఈ మిషన్లు చాలాకాలం పని చేస్తాయట. నేను పోయాక సిగ్నే లెక్కపెడుతుంది. రాసేది నువ్వేనని దానికి చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను."

ఆయన బండి చుట్టూ తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చున్నారు. తలుపు వేసుకున్నారు. నేను తాళంచెవి తిప్పబోయాను.

"ఆగు," అన్నారు. "సున్నా వెయ్యలేదు."

పెన్సిల్ తీశాను.

"గట్టిగా నొక్కి రాయి."