నా రక్తం బాగుంది

నేను భోజనం డబ్బాతో ప్రయోగశాలలోకి అడుగుపెట్టేసరికి మా మరదలు కంప్యూటర్ తెర ముందు గోళ్లు కొరుక్కుంటోంది.

“డబ్బా అక్కడ పెట్టి వేలివ్వు బావా.”

“ముందు తిను. నా వేలెక్కడికి పోతుంది?”

“ఇవ్వమంటే ఇవ్వు!” అంటూ సూది చేతిలోకి తీసుకుంది.

మా ఆవిడ చెల్లెలు తయారుచేసేది అగ్గిపుల్లంత పట్టీ. దాని కొసన గ్రాఫీన్, బంగారు నానో రేణువులు కలిపిన నల్లటి పూత. రక్తపు చుక్కను ద్రావణంలో కలిపి దానిమీద వేసి, వోల్టేజి కొద్దికొద్దిగా పెంచితే, కణాలు పాడవకుండా కాచే గ్లూటాథయోన్ ఒంట్లో ఎంతుందో తెరమీది గీత పైకి లేచి చెబుతుంది. రోగుల రక్తంతో పోల్చడానికి ఆరోగ్యవంతుల రక్తం కావాలి. ఒకరిని బతిమాలడం ఎందుకని అక్కడివాళ్లంతా చేసే పనే తనూ చేసింది: తన వేలే గుచ్చుకుంది.

గీత లేవలేదు. రోగుల గీతల్లో కలిసిపోయింది.

“పట్టీ పాడై ఉంటుందిలే,” అన్నాను.

“అందుకేగా నిన్ను గుచ్చేది. నీ గీతా పడుకుంటే తప్పు పట్టీదే.”

మా ఆవిడకూ మొదట ఏదో పరీక్షలో ఏదో తగ్గిందనే అన్నారు. కాలేయం పాడైందన్న మాట తర్వాత వచ్చింది. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

సూది దిగింది. అంత కంగారులోనూ నా వేలికి దూది అదిమిపెట్టడం ఆమె మరిచిపోలేదు.

గీత కాసేపు నేలబారుగా సాగింది. లేవకు తల్లీ, లేవకు అనుకున్నాను. అది నిక్కుకుంటూ పైకి లేచి, తీరిగ్గా కిందికి దిగింది.

“ఇంత ఆరోగ్యం ఏం చేసుకుంటావు బావా?” అని నవ్వబోయింది. కుదరలేదు.

“ఇంకో వేలు గుచ్చు.”

“ఎన్ని గుచ్చినా అదే వస్తుంది. పట్టీ బాగానే పనిచేస్తోంది.”

ఏళ్ల తరబడి ఆ ఒక్క మాట కోసమే కష్టపడిన మనిషి, దాన్ని తెరవైపు చూడకుండా అంది. నేను డబ్బా మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.

“అది పట్టీ చెప్పిన మాట. డాక్టరు ఇంకా ఏమీ చెప్పలేదు. పద, వెళ్దాం.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే.”

తెల్లకోటు గుండీలు విప్పుతూ ఆగింది.

“అక్క మొదటిసారి చూపించుకున్నప్పుడు నువ్వూ లోపలికి వెళ్లావా?”

“వెళ్లాను. పక్క కుర్చీలోనే ఉన్నాను.”

“అయితే నాతోనూ లోపలికి రా. బయట కూర్చుని పేపరు చదువుకుంటానంటే ఊరుకోను.”