నిలిచిన చుక్క

నెమలి మెడ దగ్గర నీలం అట్లా పాకకూడదు, పాకితే తెల్లటి అంచు మీద పడుతుంది, పడింది కూడా, ఉతుకు తొట్టిలోంచి తీసిన మొదటి చీరలోనే పడింది, పల్లవి దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటే నీలపు నీళ్లు మోచేతుల దాకా కారుతున్నాయి, బెంగళూరు పీణ్యలో చీరలకు అచ్చు వేసే షెడ్డు, రేకుల కింద పొద్దున్నే ఉక్క, వెనక నుంచి షెడ్డు నడిపే మోహన్‌కుమార్ సారు, ఏం చూస్తావమ్మా, పద్మావతి మేడమ్ వచ్చేసింది, గుడ్డే సరిలేదని చెప్పెయ్, నేసింది మీ నాయనే కదా, నువ్వంటే ఆయనేం అనుకోడులే, అనుకోడు, అదే కదా బాధ, నాయన ఎప్పుడేమనుకున్నాడు గనక, కబ్బన్‌పేటలో మిగిలిన ఆ ఒక్క మగ్గానికి, తెల్ల చీరలు నేయించి ఇక్కడ అచ్చుకిచ్చే ఈ మేడమ్ తప్ప ఇంకో గిరాకీ లేదని సారుకు తెలుసు, తెలిసే అంటున్నాడు.

గంజి వాసన, తడిచీరలో ఇంకా అన్నపు గంజి వాసన, మూట నాయనే బస్సులో తెచ్చి గేటు దగ్గర దించుతూ, ఇంకో దఫా గంజి పెట్టినానమ్మా, నువ్వు పని చేసే చోటికి పోతా ఉండాది, పెండ్లికూతురు మాదిరి నిలబడాల కదా అన్నాడు, బడికి పోయేటప్పుడు తన లంగాకూ ఇదే గంజి, బెంచీ మీద కూర్చుంటే పిక్కలు గీసుకునేవి, ఇంటర్వ్యూ రోజు చుడీదార్‌కూ ఇదే, ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి నలిగినట్టు కనబడకూడదు, ఆ కాలేజీలోనే చెప్పారు, గంజి వదిలించకుండా సోడా, యూరియా, జిగురు కలిపిన మందులో ముంచితే మందు నూలులోకి దిగదు, మందు దిగని చోట మిషన్ చల్లిన రంగు నిలవదు, ఆవిరి పట్టగానే పక్కకు పాకుతుంది, ముంచే ముందు ఒక నీళ్ల చుక్క వేసి చూడండి, ఇంకితే గుడ్డ సిద్ధం, నిలిస్తే కాదు, ఇంతే కదా చదువంతా, మొన్న మందు కలిపేటప్పుడు, సార్, గంజి అని తను నోరు తెరవనే తెరిచింది, గంజి వదిలించుకుంటా కూర్చుంటే రేపటికి అవుతాది, ప్రింటింగ్ మిషన్ ఊరికే నిలబడి ఉండాది, నేరుగా మందులో వెయ్యమ్మా, సరే సార్, ఎంత సులువుగా వచ్చింది ఆ సరే.

ఇప్పుడు మేడమ్ ఎదురుగా, చీర కొస వేళ్లతో నలుపుతూ, నువ్వు చెప్పమ్మా, చదువుకున్నదానివి, గుడ్డ వల్లేనా, సారు చూపు చెంప మీద తగులుతోంది, గంజి ఎక్కువుంది మేడమ్, అంది, ఆ మాటలో అబద్ధం వెతికినా దొరకదు, మేడమ్ అక్కడే స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది, ఏమప్పా నరసింహప్పా, చీరలన్నీ పాడైపోయినాయే, గంజి ఎక్కువంట, వెనక మగ్గం చప్పుడు ఆగింది, గంజి నాదే మేడమ్, చూసేదానికి బాగుంటాదని ఇంకో దఫా పెట్టినా, తప్పు నాదే, ఆ పిల్లను ఏమీ అనొద్దండి, ఎవరూ అడగలేదు నాయనా పిల్ల గురించి, అయితే ఇంక నేయొద్దులే అంది మేడమ్, కానీండమ్మా అన్నాడు నాయన, ఫోన్ పెట్టేశాక మగ్గం మళ్లీ ఆడిందో లేదో, సారు మటుకు మేడమ్‌కు కాఫీ తెమ్మని పురమాయించాడు, పల్లవి వైపు తిరిగి, చూసినావా, నేను చెప్పలే, మీ నాయన బంగారం.

బంగారమే, గంజి పెట్టింది ఆయన, వదిలించొద్దన్నది సారు, నడుమ తనేం చేసింది, చెప్పినట్టు చేసింది, చేతుల మీద నీలం ఆరిపోతోంది, సబ్బుకు పోతుంది, పోతుందిలే, కానీ మందులో ముంచే ముందు మొదటి చీర మూల మీద నీళ్ల చుక్క వేసింది తనే, అది ఇంకలేదు, ముత్యంలా గుండ్రంగా నిలబడింది, చూసింది, బాగానే చూసింది, సారు అటుగా వస్తున్నాడని దాన్ని తుడిచేసింది సారు కాదు, నాయన కాదు, తన చున్నీ కొస.